చెల్లని నోట్లు చెప్పే చరిత్ర
(కామన్వెల్తు ద్వీపదేశాల నమూనా కరెన్సీ నోట్లు)

ప్రభుత్వోద్యోగం చేసినవారిలో 'స్పెసిమెన్ సిగ్నేచర్' అనే మాట తెలియనివారు ఉండరు. కొత్త ఆఫీసరు చార్జి తీసుకోగానే ఆయన సంతకం నమూనా తీసి, పాత ఆఫీసరు చేత ధ్రువీకరింపజేసి, ట్రెజరీకి పంపేవాళ్లం. బిల్లు వచ్చినప్పుడు అక్కడి గుమాస్తా ఆ నమూనా పక్కన పెట్టి సరిచూసేవాడు. నమూనా సంతకానికి దమ్మిడీ రాలదు. అయితే అది ఫైలులో లేకపోతే అసలు సంతకానికీ దమ్మిడీ రాలదు.

కరెన్సీ నోట్లకు కూడా ఇటువంటి నమూనాలు ఉంటాయన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. వాటినే స్పెసిమెన్ నోట్లు అంటారు. కాగితం అసలుదే, అచ్చు అసలుదే, రంగులూ నీటిగుర్తూ అసలువే. నోటు మీద ఎర్రసిరాతో 'స్పెసిమెన్' అని పెద్ద అక్షరాలు ఏటవాలుగా ఉంటాయి. నంబరు ఉండవలసిన చోట అన్నీ సున్నాలుంటాయి. సాధారణంగా సంతకం దగ్గర చిన్న రంధ్రాలు కూడా పొడుస్తారు. బజారులో అది చెల్లదు. ఆ చెల్లని నోట్లలో ఎంత చరిత్ర దాగి ఉన్నదో, ముఖ్యంగా బ్రిటిషు సామ్రాజ్యం నుంచి విడివడి కామన్వెల్తులో చేరిన చిన్న చిన్న ద్వీపదేశాల నోట్లలో మనవారి కథ ఎంత ఉన్నదో, నాకు తెలిసినంత వరకు మన సంఘ సభ్యులకు మనవి చేస్తాను.

నమూనా ఎందుకు?

ఈ ద్వీపాలకు సొంత ముద్రణాలయాలు లేవు. మన నోట్లు కూడా 1928లో నాసిక్‌లో అచ్చు మొదలయ్యేదాకా ఇంగ్లండు నుంచే వచ్చేవి. అలాంటప్పుడు మారిషస్, ఫిజీ, సీషెల్స్ వంటి చిన్న ద్వీపాల సంగతి చెప్పనక్కరలేదు. థామస్ డి లా ర్యూ, బ్రాడ్‌బరీ విల్కిన్సన్, వాటర్‌లో అనే మూడు ఇంగ్లీషు కంపెనీలు ఈ పనిలో ప్రసిద్ధి పొందాయి. డి లా ర్యూ కంపెనీని స్థాపించిన థామస్ కూడా ఒక ద్వీపవాసే. ఇంగ్లీషు కాలువలోని గెర్న్‌సీలో పుట్టినవాడు. ఆ కంపెనీ బ్యాంకు నోట్ల అచ్చుకు దిగింది 1860లో. అప్పుడు అచ్చువేసిన మొదటి నోట్లు మారిషస్ కోసమే! తరువాతి కాలంలో 1961లో వాటర్‌లో వారి నోట్ల వ్యాపారాన్నీ, 1986లో బ్రాడ్‌బరీ విల్కిన్సన్‌నూ డి లా ర్యూ వారే కొనివేశారు.

లండనులో అచ్చయిన నోట్లు పెట్టెల్లో ఓడ ఎక్కి వారాల తరబడి సముద్రం మీద ప్రయాణం చేసి ద్వీపానికి చేరేవి. కొత్త నోటు ఎలా ఉంటుందో ఖజానా గుమాస్తాకూ, బ్యాంకు క్యాషియరుకూ ముందుగా తెలియకపోతే దొంగనోటుకూ మంచినోటుకూ తేడా పట్టేదెలా? అందుకని నమూనాలు పంపేవారు. కొన్ని ఆ ప్రభుత్వపు రికార్డులో ఉండేవి, కొన్ని బ్యాంకులకు వెళ్లేవి, కొన్ని అచ్చువేసిన కంపెనీ తన వద్ద దాచుకునేది. వేరే దేశానికి వెళ్లి 'మా పనితనం ఇది' అని చూపడానికి కంపెనీ ప్రతినిధులు కొన్నింటిని పట్టుకుపోయేవారు. అసలు నోట్లు చేతులు మారి, నలిగి, చిరిగి, చివరికి ఖజానాలో కాలిపోయేవి. నమూనాలు బీరువాల్లో భద్రంగా మిగిలేవి. కొన్ని పాత ద్వీపాల నోట్లు మొదట ఎలా ఉండేవో నేడు చూడాలంటే నమూనాయే గతి.

రూపాయి సముద్రం దాటింది

మనవారు ఈ నోట్లలోకి ఎలా వచ్చారో చెప్పాలంటే 1834కి వెళ్లాలి. బానిసత్వం రద్దవుతున్న రోజులవి. మారిషస్ చెరకు తోటల దొరలకు కూలీలు కావలసివచ్చారు. ఆ సంవత్సరం నవంబరు 2న 'అట్లస్' అనే ఓడ 36 మంది భారతీయులతో పోర్ట్ లూయీ రేవు చేరింది. ఐదేళ్ల ఒప్పందం, మగవారికి నెలకు 5 రూపాయలు, ఆడవారికి 4 రూపాయలు, పైన తిండి. ఆ తరువాత దశాబ్దాల తరబడి కలకత్తా, మద్రాసు, బొంబాయి రేవుల నుంచి లక్షల మంది వెళ్లారు. మన గోదావరి ఒడ్డు నుంచీ, విశాఖ ప్రాంతం నుంచీ వెళ్లినవారు వారిలో ఉన్నారు. కోరంగి రేవు పేరు మీద తెలుగువారికి అక్కడ 'కోరంగి' అనే పేరే పడింది. వారు దిగిన ఆ రేవుగట్టును ఇప్పుడు ఆప్రవాసీ ఘాట్ అంటారు. యునెస్కో 2006లో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

ఇంతమంది భారతీయులు వెళ్లడంతో వారితో పాటు రూపాయి కూడా ఆ దీవిలో స్థిరపడింది. బ్రిటిషు వలసే అయినా పౌను, షిల్లింగులు అక్కడ నిలవలేకపోయాయి. 1876లో ప్రభుత్వం చట్టం చేసి రూపాయినే మారిషస్ నాణెంగా ఒప్పుకున్నది. అదే సంవత్సరం 5, 10, 50 రూపాయల నోట్లు వచ్చాయి. చదువరులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. అన్నింటిలోకీ చిన్న నోటు 5 రూపాయలు. అంటే 'అట్లస్' ఓడలో వెళ్లిన మనిషికి రాసిన నెల జీతం! ఆ నెల జీతమైనా పూర్తిగా చేతికి వచ్చేది కాదు. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసే నిబంధన ఉండేది. మన సర్వీసులో జీతంలేని సెలవు పెట్టినవారికి కోత అంటే ఏమిటో తెలుసు; రోజుకు రెండు రోజుల కోత మాత్రం మనం ఎరుగం.

సీషెల్స్ దీవులు 1903 వరకు మారిషస్ కిందనే ఉండేవి. అందువల్ల అక్కడా రూపాయే. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన 1914లో అక్కడ అత్యవసరంగా కాగితపు నోట్లు వేశారు. సింహళంలోనూ రూపాయే చెలామణి. ఈ విధంగా హిందూ మహాసముద్రపు దీవుల నోట్లను ఒకచోట పేర్చి చూస్తే మన రూపాయి ప్రయాణం చేసిన దారి కనిపిస్తుంది.

ఒక గవర్నరు – మూడు దీవులు

ఈ నోట్ల కథలో ఒక పేరు పదే పదే ఎదురవుతుంది. సర్ ఆర్థర్ గోర్డన్ అనే ఆయన 1871 నుంచి 1874 వరకు మారిషస్ గవర్నరు. ఆయన వెళ్లిన ఏడాదే, ఒప్పందం ముగిసిన భారతీయ కూలీలు తమ కష్టాల మీద ఒక మహజరు సమర్పించారు. అడాల్ఫ్ డి ప్లెవిట్జ్ అనే తెల్లజాతీయుడు తోటి దొరల ఆగ్రహాన్ని లెక్కచేయక దానిని తయారుచేశాడు. 9,401 మంది దాని కింద సంతకాలో వేలిముద్రలో గుర్తులో పెట్టారు. ఫలితంగా రాయల్ కమిషను వేశారు. గోర్డన్‌కు కూలీల మీద సానుభూతి ఉండేదని చెబుతారు.

అదే గోర్డన్ 1875లో ఫిజీకి వెళ్లి, అక్కడి ఆదివాసుల చేత తోట పని చేయించరాదని నిశ్చయించి, భారతీయ కూలీలను రప్పించే పద్ధతిని ప్రవేశపెట్టాడు. 1879 మే నెలలో 'లియోనిడాస్' ఓడ కలకత్తా నుంచి మొదటి జట్టును దింపింది. 1903 నుంచి మద్రాసు రేవు నుంచి కూడా ఓడలు వెళ్లాయి. వాటిలోనే మన తెలుగువారూ వెళ్లారు. 1916 వరకు మొత్తం 60 వేల మందికి పైగా వెళ్లారు. ఆ ఒప్పందాన్ని వారు 'గిర్మిట్' అనేవారు. ఇంగ్లీషు 'అగ్రిమెంటు' వారి నోట అలా మారింది.

గోర్డన్ తరువాత సింహళం గవర్నరయ్యాడు. 1884 మే నెలలో అక్కడ ఓరియంటల్ బ్యాంకు దివాలా తీసింది. ఆ రోజుల్లో సింహళంలో నోట్లు వేసే ముఖ్యమైన బ్యాంకు అది. జనం చేతుల్లోని నోట్లు ఒక్క పూటలో చిత్తుకాగితాలయ్యే ప్రమాదం వచ్చింది. గోర్డన్ ఆ నోట్లకు ప్రభుత్వం పూచీ ఉంటుందని ప్రకటించి జనాన్ని కాపాడాడు. ఆ పిమ్మట ప్రభుత్వమే 1885 నుంచి నోట్లు వేయడం మొదలుపెట్టింది. నోటు విలువ కాగితంలో లేదు, దాని వెనుక నిలబడేవాడి మాటలో ఉన్నది అన్న పాఠం ఇది. నెలనెలా పింఛను అందుకునే మనకు ఈ పాఠం వేరే చెప్పనవసరం లేదు.

యుద్ధకాలపు అవస్థలు

రెండవ ప్రపంచ యుద్ధంలో సముద్రం మీద ఓడలకు రక్షణ లేదు. లండను నుంచి నోట్లూ నాణేలూ రావడం కష్టమయింది. ఒక్కొక్క దీవి ఒక్కొక్క ఉపాయం పన్నింది.

మధ్యధరా సముద్రంలోని మాల్టాలో 1918లో అచ్చయి వాడకుండా మిగిలిపోయిన 2 షిల్లింగుల నోట్లు ఖజానాలో ఉన్నాయి. 1940లో చిల్లర కరువు రాగానే వాటిని బయటకు తీసి, 'ఒక షిల్లింగు' అని పైన అచ్చు కొట్టి వదిలారు. వాటి మీద ఉన్నది అయిదవ జార్జి బొమ్మ. ఆయన 1936లోనే చనిపోయాడు. పోయిన రాజు బొమ్మతో, సగానికి తగ్గిన విలువతో, 22 ఏళ్లు ఆలస్యంగా నోటు సర్వీసులో చేరింది. మన ఆఫీసుల్లో పాత ఫారాలు కొట్టివేసి కొత్త హెడ్డింగు రాసి వాడుకున్నట్టే.

మారిషస్‌లో అదే 1940లో 25 సెంట్లు, 50 సెంట్లు, ఒక రూపాయి విలువలకు అత్యవసర నోట్లు వేశారు. ఫిజీలో 1942 జులై 1 తేదీతో ఒక పెన్నీకి కూడా కాగితపు నోటు వచ్చింది. మన లెక్కలో కాణీకి నోటు వేసినట్టు! మగ కూలీకి రోజుకు ఒక షిల్లింగు, ఆడకూలీకి తొమ్మిది పెన్నీలు అని ఒకప్పుడు ఒప్పందం రాసిన దేశమది. అక్కడ పెన్నీ ఎంత ముఖ్యమో ఆ చిన్న కాగితమే చెబుతుంది.

రాజు బొమ్మ దిగిన రోజు

స్వాతంత్ర్యం వచ్చాక ప్రతి దేశమూ నోటు మీద ఎవరి బొమ్మ వేయాలన్న ప్రశ్న ఎదుర్కొన్నది. సింహళం 1948లో స్వతంత్రమయింది. అయినా 1950లో పుట్టిన సెంట్రల్ బ్యాంకు 1951లో వేసిన మొదటి నోట్ల మీద ఆరవ జార్జి బొమ్మే ఉన్నది. ఆ తరువాత ఎలిజబెత్ రాణి బొమ్మ. 1956లో గాని రాణి బొమ్మ దిగి రాజ్యచిహ్నం రాలేదు. ఫిజీ ఇంకా విచిత్రం. 1969 జనవరిలో పౌనుకు రెండు డాలర్ల చొప్పున మార్చి డాలరు తెచ్చారు. 1970లో స్వాతంత్ర్యం వచ్చింది. 1987లో గణతంత్రమయింది. రాణి మాత్రం నోటు దిగలేదు! 2013లో చెట్ల, పక్షుల బొమ్మలతో కొత్త నోట్లు వచ్చేదాకా పాతికేళ్లు ఆమె అక్కడే ఉన్నది. ఫిజీ నమూనా నోట్లను తేదీల వరుసలో పెడితే జెండా ఎప్పుడు మారిందో తెలుస్తుంది గాని, మనసు ఎప్పుడు మారిందో తెలియదు.

సీషెల్స్ వారి 1968 నాటి 50 రూపాయల నోటు కథ సభ్యత దృష్ట్యా సగమే చెబుతాను. రాణి వెనుక గీసిన కొబ్బరిమట్టల ఆకుల్లో ఒక ఇంగ్లీషు మాట స్పష్టంగా కనబడుతుంది. అది ఇంట్లో పిల్లల ముందు అనే మాట కాదు. అదే వరుసలోని 10 రూపాయల నోటు మీద తాబేలు కింద ఇంకొక తిట్టుమాట కనిపిస్తుందంటారు. చిత్రకారుడు కావాలని చేశాడో యాదృచ్ఛికమో అన్న వాదన ఎడతెగలేదు. నోటు నమూనాలు ఎంతమంది పెద్దలు చూసి సరే అంటారో తలచుకుంటే, 'చూశాను' అని సంతకం పెట్టడం వేరు, చూడడం వేరు అని బోధపడుతుంది.

మూడు వరుసల తగాదా

మారిషస్ 1968 మార్చి 12న స్వతంత్రమయింది. అక్కడి నోట్ల మీద ఇంగ్లీషు, తమిళం, దేవనాగరి లిపుల్లో విలువ రాసి ఉంటుంది. 1998 నవంబరులో కొత్త నోట్లు వచ్చినప్పుడు తమిళాన్ని మూడో వరుసకు దించి, దేవనాగరిని రెండో వరుసకు ఎక్కించారు. అక్కడి తమిళులు పెద్ద ఎత్తున నిరసన తెలిపారు. తమ పూర్వులు ఉత్తరాది వారికన్నా ముందే ఆ దీవికి వచ్చారని వారి వాదన. చివరకు ప్రభుత్వం ఆ నోట్లన్నీ వెనక్కు తీసుకుని, 1999 జూన్‌లో పాత వరుసలోనే అచ్చు వేయించింది. రెండు గీతల స్థానం మారితే దేశమంతా కదిలింది. నోటు అంటే కొనుగోలుకు మాత్రమే కాదు, 'ఈ దేశంలో నేనూ ఉన్నాను' అన్న రసీదు కూడా.

ఆ నోట్ల మీద తెలుగు లేదు. అయినా మన భాష ఆ దీవిలో చచ్చిపోలేదు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది మారిషస్‌లోనే.

అదే 1998 వరుసలో ఏ నోటు మీద ఎవరున్నారో చూడండి. 25 రూపాయల మీద చైనా సంతతి వాడైన ఆ-చుయెన్, 100 మీద తమిళుడైన శీనివాసన్, 200 మీద ముస్లిము నాయకుడు అబ్దుల్ రజాక్ మహమ్మద్, 500 మీద సుఖదేవ్ బిష్ణుదయాళ్. అన్నింటికన్నా పెద్దదైన 2,000 రూపాయల నోటు మీద ఉన్నది తొలి ప్రధాని సర్ శివసాగర్ రామ్‌గులామ్. ఆయన తండ్రి బిహారు నుంచి కూలి ఒప్పందం మీద ఓడెక్కినవాడు. చిన్న నోటు కూలివాడి నెల జీతమైన 1876 నుంచి పెద్ద నోటు మీద కూలివాడి కొడుకు కూర్చున్న 1998 దాకా 122 సంవత్సరాలు పట్టింది. నా మట్టుకు నాకు ద్వీపాల నోట్లు పోగుచేయడంలోని సారమంతా ఈ ఒక్క లెక్కలో ఉన్నది.

సేకరించదలచిన వారికి

పాత నమూనాలు చాలా ఖరీదు. పింఛను మీద బతికేవాళ్లకు అందేవి కావు. అందుబాటులో ఉన్నవి వేరే రకం. 1978–79లో అమెరికాలోని ఫ్రాంక్లిన్ మింట్ అనే సంస్థ అనేక దేశాలతో ఒప్పందం చేసుకుని, సేకర్తల కోసమే నమూనా నోట్ల సెట్లు అమ్మింది. ఫిజీ, టోంగా, సాలమన్ దీవులు, మారిషస్, మాల్టా వంటివి వాటిలో ఉన్నవి. నంబరు ముందు మాల్టా శిలువ గుర్తు ఉంటే ఆ సెట్టు అని పోల్చుకోవచ్చు. ఇవి బ్యాంకుకు పంపిన నమూనాలు కావు. అమ్మేవారు కొందరు ఈ తేడా చెప్పరు. మనమే అడిగి తెలుసుకోవాలి.

మామూలు నోటు మీద ఎర్రసిరా ముద్ర కొట్టి నమూనా అని అమ్మే మోసగాళ్లున్నారు. నంబరు మామూలు నోటుకున్నట్టే ఉండి, ముద్ర సిరా వెనక్కు ఊరి, అక్షరాల అంచులు చెదిరి ఉంటే అనుమానించాలి. రంధ్రాలు యంత్రంతో వేసినట్టు శుభ్రంగా ఉండాలి. అయితే సున్నాలు లేని అసలు నమూనాలూ ఉన్నవి. అందుచేత కేటలాగు చూడకుండా, తెలిసినవారిని అడగకుండా, రసీదు లేకుండా కొనవద్దు.

నోటును ఇస్త్రీ చేయకూడదు, తడి గుడ్డతో తుడవకూడదు, టేపు అంటించకూడదు, లామినేషను అసలే చేయించకూడదు. చవక ప్లాస్టిక్ కవర్లు కొన్నాళ్లకు జిగటపడి రంగు లాగేస్తాయి. వర్షాకాలంలో ఆల్బం బీరువా అడుగున పెట్టక, గాలి తగిలే చోట పెట్టాలి. చేతులు కడిగి, బాగా ఆరిన తరువాతే నోటు అంచు పట్టుకోవాలి.

చివరిగా ఒక్క మాట. మన తరువాత ఈ కాగితాలు పిల్లల చేతికి వస్తాయి. 'చెల్లని నోట్లు' అని పాత పేపర్లతో పాటు తూకానికి వేసినా వేస్తారు. అందులో వారి తప్పు లేదు. నోటు దేశం, సంవత్సరం, కొన్న తేదీ, ఇచ్చిన వెల, దాని వెనుక కథ రెండు వాక్యాల్లో ఒక నోటుబుక్కులో రాసి, ఆల్బంతో పాటు ఉంచండి. నామినేషను ఫారం నింపకుండా మనం ఏ ఖాతానూ వదిలిపెట్టం గదా, దీనికీ అంతే. నోట్లు సేకరించని వారింట్లోనైనా పాత పాసుబుక్కులు, సర్వీసు రిజిస్టరు నకళ్లు, తాతల నాటి దస్తావేజులు ఉంటాయి. వాటికీ ఇటువంటి జాబితా ఒకటి ఈ నెలలోనే మొదలుపెట్టవలసిందని సభ్యులకు నా మనవి.